లొఫోటెన్ రేవులో సౌనా: పొయ్యి కంటే ముందు నిచ్చెన చూడండి

[దృశ్యం: మంచు కొండల కింద చిన్న రేవు, నీళ్ల అంచున ఎర్ర చెక్క ఇళ్లు]

నార్వేలో ఆర్కిటిక్ వలయం దాటాక వచ్చే దీవులు లొఫోటెన్. జనవరి నుంచి ఏప్రిల్ దాకా బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి ఇక్కడికొస్తాయి. వాటి వేటకొచ్చే జాలర్లు తలదాచుకోవడానికి నీళ్లలో గుంజలు పాతి కట్టిన చెక్క ఇళ్లే ఈ రోర్బులు. ఇప్పుడు చాలావాటిని టూరిస్టులకు అద్దెకిస్తున్నారు. కొన్నిచోట్ల రేవు గట్టు మీదే కట్టెల సౌనా, అంటే పొయ్యితో వేడెక్కించే చెమట గది కూడా ఉంటుంది. అందులో ఒళ్లు కాగాక పక్కనే సముద్రంలో మునకేస్తారు.

[దృశ్యం: కర్రలకు జతలుగా వేలాడే చేపలు]

ఫిబ్రవరి నుంచి మే దాకా వెళ్తే ఈ ఎండుతున్న చేపల వాసన తప్పదు. భీమిలి, కాకినాడ వైపు వాళ్లకు ఎండుచేప కొత్త కాదు గానీ, ఇక్కడ ఉప్పు వెయ్యరు. చలిగాలికే ఎండుతుంది. వాసన పడనివాళ్లు ఈ కర్రలు గదికి ఎంత దూరమో బుక్ చేసే ముందే అడగండి.

[దృశ్యం: గట్టు నుంచి నీళ్లలోకి దిగే ఇనప నిచ్చెన, దగ్గర నుంచి]

పొయ్యి ముట్టించే ముందు ఈ నిచ్చెన దగ్గరికి వెళ్లండి. ఇక్కడ ఆటుపోట్లకు నీటిమట్టం రెండు మీటర్లకు పైగా మారుతుంది. పోటు మీద మూడు మెట్లు దిగితే నీళ్లు అందుతాయి. ఆటుకు అదే నిచ్చెన నిలువు గోడ, కింది మెట్లకు నాచు. దిగడం ఎవరైనా దిగుతారు. చేతులు మొద్దుబారాక పైకెక్కడమే కష్టం. ఆటుపోట్ల వేళలు ఫోన్లోనే దొరుకుతాయి. పోటు ఉన్న గంటలకే సౌనా పెట్టుకోండి. మెట్ల మీద మంచు కట్టి ఉంటే ఆ పూట సముద్రం మానేసి, షవర్‌తో సరిపెట్టుకోండి.

[దృశ్యం: పొయ్యి, బిర్చ్ కట్టెలు]

ముందు పొగగొట్టం డ్యాంపర్, అంటే పొగ దారిని మూసే రేకు, పూర్తిగా తెరవండి. సన్నగా చీల్చిన పుల్లలతో అంటించి, మంట అందుకున్నాక రెండు మూడు కట్టెలు పెట్టండి. పొయ్యి నిండా కుక్కితే గాలి ఆడక గదంతా పొగ. పొయ్యి మీది రాళ్లు కాగడానికి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. వేడి 70 నుంచి 90 డిగ్రీలు. పై బల్ల మీద సెగ ఎక్కువ, మొదటిసారి కింది బల్లే మేలు. మెడలో గొలుసు తీసేయండి, కాలుతుంది. నార్వేలో ఇలాంటి ఉమ్మడి సౌనాల్లో స్విమ్‌సూట్ మామూలే. కింద తువ్వాలు పరుచుకుని కూర్చోవాలి.

రాళ్ల మీద ఒక్కసారికి గరిటెడు నీళ్లు, అంటే 100 మిల్లీలీటర్లు చాలు. పక్కకు నిలబడి పోయండి, ఆవిరి ఎగదన్నితే చెయ్యి కాలుతుంది. ఎదురుగా సముద్రం ఉంది కదా అని ఉప్పునీళ్లు పోయొద్దు, పొయ్యి ఇనుమును తినేస్తాయి.

[దృశ్యం: మెడ దాకా నీళ్లలో ఒకరు, గట్టు మీద ఇంకొకరు]

పది నిమిషాలయ్యాక నిచ్చెన పట్టుకుని మెల్లగా దిగండి. దూకొద్దు. శీతాకాలంలో నీళ్లు ఐదు డిగ్రీల అటూఇటూ. మొదటి నిమిషంలో మన ప్రమేయం లేకుండానే గబుక్కున ఊపిరి పీలుస్తాం. ఆ క్షణం తల మునిగి ఉంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకే. మెడ దాకా దిగి, నిచ్చెన వదలకుండా, గాలి నెమ్మదిగా బయటికి వదులుతూ ఉండండి. మొదటిసారికి అర నిమిషం చాలు. ఈదుకుంటూ పోవడానికి ఇది బీచ్ కాదు, పడవలు తిరిగే రేవు.

ఎక్కువసేపు ఉంటే, బయటికొచ్చాక కూడా ఒంటి లోపలి వేడి కాసేపు తగ్గుతూనే ఉంటుంది. వణుకు ఆలస్యంగా మొదలయ్యేది అందుకే. వెంటనే తుడుచుకుని ఉన్ని టోపీ పెట్టుకోండి. మందు తాగి దిగొద్దు, ఒంటరిగా అసలే వద్దు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా ఈ వేడి–చలి ఆట జోలికి వెళ్లొద్దు.

[దృశ్యం: ఆరుతున్న నిప్పులు]

వెళ్లేటప్పుడు వేడి పోతుందని నిప్పులుండగా డ్యాంపర్ మూయకండి. కార్బన్ మోనాక్సైడ్ లోపలే నిలుస్తుంది, దానికి వాసనుండదు. బూడిద ఎత్తాల్సి వస్తే మూతున్న ఇనప బకెట్లోకి ఎత్తి, చెక్క గట్టుకు దూరంగా పెట్టండి.