విజయవాడ కేఫ్‌లలో ప్రత్యేక బ్రెడ్లు: ఏవి కొనవచ్చు, ఏవి అమ్మవచ్చు?

అందరికీ నమస్కారం. విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల, గుంటూరు బ్రాడీపేటలో కొన్ని కేఫ్‌లు, బేకరీలు తిరిగి, అక్కడ కొత్తగా అమ్ముతున్న బ్రెడ్లను రుచి చూసి ఈ వీడియో చేస్తున్నాను. బేకరీ పెట్టాలనుకునేవారు కూడా ఈ రివ్యూలు చూస్తారు కాబట్టి, రుచితో పాటు, మన ఎండలో, మన మైదాతో ఆ బ్రెడ్‌ను రోజూ ఒకే నాణ్యతతో తీయడం సాధ్యమేనా అన్నది కూడా చెబుతాను.

నా ఓటు ముందుగా ఫొకాచాకే. ఇటలీలోని జెనోవా ప్రాంతానికి పేరు తెచ్చిన ఈ బ్రెడ్‌లో పిండి బరువులో 70 నుంచి 80 శాతం దాకా నీళ్లు పోస్తారు. ట్రే నిండా ఆలివ్ నూనె రాసి, జారుగా ఉన్న ఆ పిండిని పరిచి, వేళ్లతో గుంటలు నొక్కి కాల్చడమే కాబట్టి, బాగెట్ (కర్రలా పొడవుగా ఉండే ఫ్రెంచ్ బ్రెడ్) చుట్టడానికి కావలసినంత చేతివాటం దీనికి అక్కరలేదు. పైన ఏమి వేయాలన్నది మన ఇష్టం కనుక గుంటూరు సన్నం మిరపకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. అయితే నేను తిన్న వాటిలో ఒకచోట ఎండుమిర్చి తునకలను పొడిగానే చల్లి ఓవెన్‌లో పెట్టినట్టున్నారు. 220 డిగ్రీల వేడికి అవి మాడి, కారానికి బదులు చేదు మిగిలింది. మరొకచోట వెల్లుల్లి కారాన్ని నూనెలో కలిపి, బ్రెడ్ బయటికి తీసిన వెంటనే పూశారు. ఘాటు, వాసన రెండూ నిలిచాయి, రంగు కూడా ఎర్రగా మెరిసింది. పచ్చి వెల్లుల్లిని ఎక్కువగా పిండిలోనే కలిపేస్తే గ్లూటెన్ (గోధుమపిండిని సాగేలా పట్టి ఉంచే ప్రొటీన్) సాగుడు సడలి పిండి జారిపోతుంది కాబట్టి, దాన్ని పైపూతకు ఉంచుకోవడమే మేలు.

ఆవకాయ బన్ పేరు వినగానే నోరూరింది కానీ, తిన్నది నచ్చలేదు. చుట్టలో పచ్చడి తగిలిన చోటల్లా పిండి పచ్చిగా, ముద్దగా ఉండిపోయింది. ఊరగాయలోని ఉప్పు ఈస్ట్‌ను మందగింపజేస్తుంది, నూనె పొరలను ఒకదానికొకటి అంటుకోనివ్వదు. ఊటను వడగట్టి, పలుచగా రాసి, పిండిలో మామూలుగా వేసే 2 శాతం ఉప్పును కొంత తగ్గిస్తే ఈ బన్ బాగుపడుతుందని నా అభిప్రాయం. గోంగూర విషయంలో ఒక బేకరీవారు తెలివిగా నడిచారు: ఆకును తడి ఇగిరేదాకా వేయించి, ముద్దలా చేసి, పాల బ్రెడ్ మధ్యలో పెట్టారు. పుల్లదనం పిండిలో కలవకుండా కొరికినప్పుడే తగులుతుంది.

ఆ పాల బ్రెడ్ గురించి కూడా చెప్పాలి. ఒక వంతు మైదాకు అయిదు వంతుల నీళ్లు లేదా పాలు కలిపి, సుమారు 65 డిగ్రీల దాకా ఉడికించిన గంజిని అసలు పిండిలో చేర్చే టాంగ్‌జోంగ్ పద్ధతి వల్ల పిండిలో ఎక్కువ నీరు పట్టి, మరునాటికి కూడా మెత్తదనం తగ్గదు. బన్నుకు అలవాటుపడిన మన నోటికి ఇది వెంటనే నచ్చుతుంది, ఖర్చు కూడా పెద్దగా పెరగదు. వెన్న, గుడ్లు ఎక్కువగా వేసి చేసే ఫ్రెంచ్ బ్రెడ్ బ్రియోష్ రుచి గొప్పదే. కానీ పిండిలో అంత వెన్నపూసతో, మే నెలలో, ఏసీ లేని వంటగదిలో దాని జోలికి పోకపోవడమే మంచిది.

సవర్‌డో అంటే దానంతట అదే పులిసిన పిండితో చేసే బ్రెడ్. ఆ పులుపు మనకు కొత్తది కాదు. ఇడ్లీ పిండి కూడా బయటి ఈస్ట్ లేకుండా తనంతట తానే పులుస్తుంది. ఇబ్బంది వేడితోనే. 25 డిగ్రీల దగ్గర నెమ్మదిగా పులిసే పిండి, విజయవాడ వేసవిలో చూస్తుండగానే హద్దు దాటి, కాల్చేసరికి చదునుగా కూలబడుతుంది. ఐసు నీళ్లతో కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచగలిగినవారే దీనికి పూనుకోవాలి. బ్రెడ్ పైపొర గట్టిగా ఉందని తిరిగి ఇచ్చేవారు కూడా ఉంటారు కాబట్టి, ముందస్తు ఆర్డర్ మీద మాత్రమే చేయడం మేలు.

రాగి, జొన్న బ్రెడ్లు కొనేవారికి ఒక హెచ్చరిక. ఈ ధాన్యాల్లో గ్లూటెన్ ఉండదు. ఆ పిండి వాటా పెరిగేకొద్దీ బ్రెడ్ పొంగక దిట్టంగా తయారవుతుంది, అందుకే చాలామంది మైదానే ఎక్కువగా వాడతారు. అది తప్పేమీ కాదు, దాచడమే తప్పు. ప్యాకెట్ మీద పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది నిబంధన. నేను కొన్న ఒక రాగి బ్రెడ్‌లో మొదటి పేరు మైదా, చివర్లో కారమెల్ రంగు; రాగి పేరు ఈస్ట్‌కు కాస్త ముందు కనిపించింది.

కొన్న బ్రెడ్ మిగిలితే ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. ఆ చల్లదనంలో పిండిపదార్థం బయటికన్నా త్వరగా గట్టిపడుతుంది. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో ఉంచి, కావలసినప్పుడు నేరుగా పెనం మీద కాల్చుకోవచ్చు.