ఇంటర్నేషనల్ రగ్బీ ప్లేయర్‌కి జీతం ఇచ్చేది దేశం కాదు బాబూ!

నమస్తే అందరికీ. ఈరోజు వీడియోలో కొంచెం చిరాకు కనిపిస్తుంది, ముందే చెప్పేస్తున్నా. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది కదా, మన హైదరాబాద్ హీరోస్ కూడా ఆడారు, ఇక అప్పటి నుంచి ఎవరు కలిసినా ఒకటే మాట. "అన్నా, ఆ ఫారిన్ ప్లేయర్లు వాళ్ళ దేశానికి ఆడినోళ్ళే కదా, వాళ్ళ బోర్డు కోట్లు ఇస్తుంది కదా, మరి ఎండల్లో ఇక్కడికొచ్చి ఆడుడు ఏంది?" అని.

అరె భాయ్, ఎవరు చెప్పారు కోట్లిస్తారని?

మన సమస్య ఏంటంటే ఏ ఆటనైనా క్రికెట్ లెక్కలోనే చూస్తాం. క్రికెట్లో బోర్డే యజమాని, కాంట్రాక్ట్ బోర్డుది, సంవత్సరమంతా బోర్డు చెప్పినట్టు ఆడతావు, మధ్యలో రెండు నెలలు ఐపీఎల్‌కి వెళ్ళి వస్తావు. రగ్బీలో, అంటే పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్ గురించి చెప్తున్నా, సెవెన్స్ కాదు, అంటే ఆ ముంబై లీగ్‌లో ఆడిన ఏడుగురి ఆట కాదు, దాని కథ వేరే, ఈ పదిహేను మంది ఆటలో చాలా దేశాల్లో లెక్క మొత్తం ఉల్టా. సంవత్సరమంతా జీతమిచ్చేది, తిండి పెట్టేది, జిమ్‌లో నీ వెనకాల నిలబడి బరువులు ఎత్తించేది క్లబ్. దేశం నిన్ను కొన్ని వారాలు తీసుకెళ్ళి మళ్ళీ దింపేస్తుంది.

నాకు ఎప్పుడూ ఒకటే పోలిక గుర్తొస్తుంది. క్లబ్ అత్తారిల్లు. దేశం పుట్టిల్లు.

నవ్వకండి, పూర్తిగా వినండి. కోడలు ఉండేది ఎక్కడ? అత్తారింట్లో. పొద్దున లేస్తే పని ఎక్కడ? అక్కడే. కానీ పండగొచ్చిందంటే పుట్టింటోళ్ళు వచ్చి "అమ్మాయిని పంపండి" అంటారు, అత్తగారికి ఇష్టం ఉన్నా లేకపోయినా పంపాలి. రగ్బీలో ఆ పండగలకి రాసిపెట్టిన డేట్లున్నాయి, ఇంటర్నేషనల్ విండో అంటారు, ఆ టైంలో దేశం పిలిస్తే క్లబ్ "కుదరదు" అనడానికి లేదు, ప్రపంచమంతా ఈ ఆటని నడిపే సంస్థ వరల్డ్ రగ్బీ రూలే అలా ఉంది. యూరప్ వాళ్ళకి ఫిబ్రవరి, మార్చిలో సిక్స్ నేషన్స్ అనే ఆరు దేశాల టోర్నీ, తర్వాత జూలైలో టూర్లు, మళ్ళీ నవంబర్‌లో మ్యాచ్‌లు. జూలై అంటే మనకి ఏంటి? ఆషాఢం! కొత్త కోడళ్ళు పుట్టింటికి పోయే నెల, ఇక్కడ గోల్కొండ నుంచి లాల్ దర్వాజా దాకా బోనాలు. ఇంగ్లాండోడికి ఆషాఢం సంగతి ఏం తెలుసు కానీ క్యాలెండర్ మాత్రం కరెక్ట్‌గా కలిసింది, నాకైతే ఇది భలే నచ్చింది.

మరి పుట్టింటోళ్ళు ఏమిస్తారు? మ్యాచ్ ఫీజు ఇస్తారు, దేశానికి ఆడిన గుర్తుగా ఒక క్యాప్, అంటే టోపీ ఇస్తారు. అది ఒడిబియ్యం లాంటిది. గౌరవం, సంతోషం, కళ్ళల్లో నీళ్ళు, అన్నీ ఉంటాయి, కానీ దాంతో సంవత్సరమంతా ఇల్లు గడవదు కదా.

ఇప్పుడు దీనికి నా ఫేవరెట్ ఎగ్జాంపుల్, జాక్ విల్లిస్. ఇంగ్లాండ్ ఫ్లాంకర్, అంటే బాల్ కోసం ముందుండి కొట్లాడే ఫార్వర్డ్. ఈయన కెరీర్ ఒక్కటి చూస్తే ఈ సిస్టమ్ మొత్తం అర్థమైపోతుంది, రూల్స్ బుక్ చదవక్కర్లేదు.

అత్తారిల్లు వాస్ప్స్ అనే ఇంగ్లీష్ క్లబ్. 2019-20 సీజన్‌లో మొత్తం ఇంగ్లీష్ ప్రీమియర్‌షిప్‌కే, అంటే అక్కడి క్లబ్ రగ్బీ లీగ్‌కే, బెస్ట్ ప్లేయర్. 2020 నవంబర్‌లో జార్జియా మీద ఇంగ్లాండ్‌కి ఫస్ట్ మ్యాచ్, ఫస్ట్ మ్యాచ్‌లోనే ట్రై, అంటే అవతలి టీం గీత దాటి బాల్‌ని నేలకి ఆనించి పాయింట్లు తేవడం. ఇక 2021 ఫిబ్రవరి, సిక్స్ నేషన్స్, ఇంగ్లాండ్ సొంత స్టేడియం ట్వికెన్‌హామ్‌లో ఇటలీ మీద మ్యాచ్. బెంచ్ మీంచి వచ్చాడు, వచ్చిన కాసేపటికే ట్రై కొట్టాడు. తర్వాత జరిగింది కొంచెం స్లోగా చెప్తా, ఎందుకంటే ఈ ఆటలో ఉద్యోగం అంటే ఏంటో ఇక్కడే కనిపిస్తుంది.

(స్క్రీన్ మీద జాకలింగ్ బొమ్మ పెట్టాలి, గాయం క్లిప్ వద్దు, చూడలేం)

విల్లిస్ స్పెషాలిటీ జాకలింగ్. అవతలోడు ట్యాకిల్ అయ్యి బాల్‌తో కింద పడగానే ఈయన వెళ్ళి రెండు కాళ్ళు వెడల్పుగా పాతేసి, నడుము వంచి, తల కిందికి పెట్టి, బాల్ మీద చేతులేసి పీకుతాడు. పడ్డోడు బాల్ వదలకపోతే పెనాల్టీ ఈయన టీంకి. ఇంత చేస్తున్నప్పుడు ఒంట్లో ఏ భాగానికీ కాపలా లేదు, మెడ ఖాళీ, మోకాళ్ళు ఖాళీ. అవతలి టీం వాళ్ళు ఎలాగైనా కదిలించాలి కాబట్టి పైనుంచి ఒంటిని గట్టిగా వాటేసుకుని పక్కకి దొర్లిస్తారు, దాన్నే క్రొకొడైల్ రోల్ అంటారు. ఒళ్ళు దొర్లింది. కాలు మాత్రం గడ్డిలో పాతుకునే ఉంది. మోకాలు తిరిగిపోయింది. కోవిడ్ టైం, స్టేడియంలో మనిషి లేడు, ఆ అరుపు టీవీలో విన్నవాళ్ళు ఇప్పటికీ మర్చిపోలేదు. ఈ రోల్‌ని చివరికి బ్యాన్ చేశారు, 2024 జూలై నుంచి. మధ్యలో మూడేళ్ళు ఏం చేశారని అడిగితే, నా దగ్గర మర్యాదైన మాటలు లేవు, వదిలేద్దాం.

ఇప్పుడు లెక్క చూడండి. గాయం ఎక్కడైంది? పుట్టింట్లో, పండగ రోజు. దాదాపు సంవత్సరం మంచం ఎక్కింది, కోలుకుంది ఎక్కడ? అత్తారింట్లో. వాస్ప్స్‌కి ఆ సీజన్ మిగతా మొత్తం ఆయన లేడు. అత్తగారు సణగదా మరి? "మంచిగున్న పిల్లని పంపితే కాలు విరగ్గొట్టి పంపారు" అని. యూరప్‌లో క్లబ్బులకి, దేశాల యూనియన్లకి, అంటే బోర్డులకి మధ్య ఏళ్ళ తరబడి నడిచే లొల్లి అంతా ఇదే. ఇన్సూరెన్సు, పరిహారం, రెస్ట్ వారాలు, ఎన్ని అగ్రిమెంట్లు రాసుకున్నా సణుగుడు మాత్రం ఆగదు. ఇద్దరూ కరెక్టే, అదే ఇబ్బంది.

కథ అయిపోలేదు. కోలుకుని 2022లో మళ్ళీ ఆడాడు. అదే 2022 అక్టోబర్‌లో అత్తారిల్లు దివాలా తీసింది! వాస్ప్స్ అప్పుల్లో మునిగి చేతులెత్తేసింది, ప్లేయర్లు, స్టాఫ్ కలిపి 167 మందికి ఒకే రోజు ఉద్యోగం పోయింది. వాస్ప్స్ అంటే గల్లీ టీం కాదు, రెండుసార్లు యూరప్ ఛాంపియన్. కొన్ని రోజుల ముందే వోస్టర్ అనే ఇంకో క్లబ్ కూడా ఇలాగే పోయింది, 2023లో లండన్ ఐరిష్ పోయింది. ఇంగ్లాండ్ టీంకి ఆడే మనిషి, ట్వికెన్‌హామ్‌లో ఎనభై రెండు వేల సీట్లు అమ్ముడుపోయే టీంలో ఉన్న మనిషి, వచ్చే నెల ఈఎంఐ ఎట్లా కట్టాలా అని ఆలోచించే పరిస్థితి. ఇంటర్నేషనల్ అంటే లైఫ్ సెట్ అనుకునేవాళ్ళు ఇక్కడ వీడియో ఒకసారి పాజ్ చేసుకోండి.

ఆయన ఫ్రాన్స్‌లో టూలూజ్ క్లబ్‌కి వెళ్ళాడు. ఇక్కడ ఇంకో రూల్. ఇంగ్లాండ్‌కి ఆడాలంటే ఇంగ్లాండ్‌లోని క్లబ్‌లోనే ఆడాలి, బయటికి పోతే చాలా స్పెషల్ కేస్ అయితే తప్ప పిలవరు. ఊళ్ళో సంబంధం చేసుకుంటేనే బోనాలకి పిలుపు, వేరే దేశం కోడలైతే పిలుపు లేదు. క్లబ్ మూతపడి పోయాడు కాబట్టి కొన్నాళ్ళు మినహాయింపు ఇచ్చారు, 2023 సిక్స్ నేషన్స్‌లో ఆడాడు, చూడండి విచిత్రం, అదే ట్వికెన్‌హామ్, అదే ఇటలీ, మళ్ళీ ట్రై కొట్టాడు! 2023 వరల్డ్ కప్ స్క్వాడ్‌లో కూడా ఉన్నాడు. ఆ తర్వాత మినహాయింపు అయిపోయింది. ఇంగ్లాండ్ తిరిగి వస్తావా, టూలూజ్‌లో ఉంటావా? ఉన్నాడు. 2023, 2024, 2025 మూడేళ్ళూ ఫ్రెంచ్ లీగ్ టాప్ 14 గెలిచాడు, 2024లో యూరప్ ఛాంపియన్స్ కప్ కూడా.

కొంతమంది "దేశం కంటే డబ్బు ఎక్కువైందా" అంటారు. నాకు ఒళ్ళు మండే మాట ఇది. నువ్వు కంపెనీ మారితే కెరీర్ గ్రోత్, వాడు క్లబ్ మారితే దేశద్రోహమా?

డబ్బు అన్నాం కాబట్టి ఒక లెక్క. ఇంగ్లీష్ ప్రీమియర్‌షిప్‌లో 2024-25కి ఒక క్లబ్ జీతాల పరిమితి 64 లక్షల పౌండ్లు, అంటే సుమారు 70 కోట్ల రూపాయలు. ఆ పరిమితిలోంచి ఒక స్టార్ ప్లేయర్‌ని బయట పెట్టుకోవచ్చు, కొన్ని మినహాయింపులున్నాయి, సరే. కానీ ఆ డబ్బు పెద్ద స్క్వాడ్ మొత్తానికి, సంవత్సరమంతా. ఐపీఎల్ 2025లో ఒక్కో టీం పర్సు 120 కోట్లు, రెండు నెలల ఆటకి, అందులో రిషబ్ పంత్ ఒక్కడికే 27 కోట్లు. అందుకే రగ్బీలో పెద్ద సంబంధాలన్నీ ఫ్రాన్స్, జపాన్ నుంచే వస్తాయి, జీతాలు ఎక్కువ అక్కడే.

అన్ని దేశాలూ ఇంగ్లాండ్ లాగా ఉండవు. ఐర్లాండ్ చూడండి, అక్కడ పెద్ద టీంలు నాలుగే, లీన్‌స్టర్, మన్‌స్టర్, ఆల్‌స్టర్, కొనాక్ట్, నాలుగూ దేశ యూనియన్ కిందే నడుస్తాయి, టాప్ ప్లేయర్ల కాంట్రాక్ట్ నేరుగా యూనియన్‌తోనే. అంటే ఇల్లరికం! అమ్మాయి పుట్టింట్లోనే ఉంటుంది, ఎన్ని మ్యాచ్‌లు ఆడాలి, ఎప్పుడు రెస్ట్ తీసుకోవాలి, అంతా పుట్టింటోళ్ళే చూసుకుంటారు, సణిగే అత్త లేదు. నా ఓటు దీనికే. న్యూజిలాండ్ కూడా దాదాపు ఇంతే, పైగా బయటి దేశంలో ఆడితే ఆల్ బ్లాక్స్‌లోకి, అంటే వాళ్ళ దేశం టీంలోకి తీసుకోరు. కాకపోతే కొందరు సీనియర్లకి కాంట్రాక్ట్‌లోనే ఒక సీజన్ జపాన్‌లో సంపాదించుకుని రమ్మని పర్మిషన్ ఇస్తారు, ఆర్డీ సవేయా అలాగే వెళ్ళొచ్చాడు. సౌతాఫ్రికా అయితే ఈ గొడవే పెట్టుకోలేదు, ఏ దేశంలో కాపురం చేసినా పండక్కి రా తల్లీ అంటుంది. కెప్టెన్ సియా కొలిసి 2023 వరల్డ్ కప్ అయ్యాక ప్యారిస్‌లో రేసింగ్ 92 క్లబ్‌కి ఆడాడు, అయినా టీంలోనే. వాళ్ళు 2019, 2023 వరుసగా రెండు కప్పులు కొట్టారు. రూల్స్ కఠినంగా పెట్టుకున్న వాళ్ళు ఒకసారి ఆలోచించుకోవాలి మరి.

పుట్టింటి మాట వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. ఇంగ్లాండ్, స్కాట్లాండ్ ప్రతి సంవత్సరం కొట్టుకునే కప్పు పేరేంటో తెలుసా? కలకత్తా కప్. కలకత్తాలో ఉన్న బ్రిటిష్ వాళ్ళ రగ్బీ క్లబ్ మూసేస్తూ 1878లో బ్యాంకులో ఉన్న డబ్బుని వెండి రూపాయల్లో తీసుకుని కరిగించి చేయించారు. పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. వెండి మనది, కొట్లాట వాళ్ళది.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా. పుట్టిల్లు మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చు! వేరే దేశంలో వరుసగా ఐదేళ్ళు ఉంటే ఆ దేశానికి ఆడొచ్చు, ముందు మూడేళ్ళే ఉండేది. తాత, నానమ్మ, అమ్మమ్మ పుట్టిన దేశమైనా ఓకే. 2022 నుంచి ఇంకోటి, ఒక దేశానికి ఆడేశాక మూడేళ్ళు ఇంటర్నేషనల్ ఆడకుండా ఆగితే, నువ్వో మీ అమ్మానాన్నో వాళ్ళ అమ్మానాన్నో పుట్టిన దేశానికి ఒక్కసారి మారొచ్చు. సమోవా, టోంగా లాంటి చిన్న దేశాలకి ఇది చాలా మేలు చేసింది. ఇక్కడ నా అత్తారిల్లు, పుట్టిల్లు పోలిక చేతులెత్తేస్తుంది, ఆపేస్తున్నా, లేకపోతే మా అమ్మ ఫోన్ చేస్తుంది.

ఇక వారం ఎలా గడుస్తుంది? శనివారం మ్యాచ్ అనుకుంటే తర్వాత రెండు రోజులు ఒంటి నొప్పులు, వీడియో చూసుకోవడం. రోజూ గుద్దుకుంటారేమో అనుకుంటారు అందరూ. కాదు. ప్రాక్టీస్‌లో ఫుల్ కాంటాక్ట్ వారానికి 15 నిమిషాలు మించొద్దని వరల్డ్ రగ్బీ 2021లో గైడ్‌లైన్ ఇచ్చింది. మిగతాదంతా బరువులు, పరుగులు, లైనౌట్ (బయటికి పోయిన బాల్‌ని మళ్ళీ లోపలికి విసిరేది) కోడ్ మాటలు బట్టీ పట్టడం, మసాజ్ టేబుల్.

రిటైర్మెంట్, ఎక్కువమందికి ముప్పై దాటిన కొన్నేళ్ళకే. వేల్స్ ఫార్వర్డ్ అలన్ విన్ జోన్స్ లాగా వేల్స్‌కి 158, బ్రిటన్, ఐర్లాండ్ కలిసి ఆడే లయన్స్ టీంకి 12, మొత్తం 170 టెస్టులు, అంటే ఇంటర్నేషనల్ మ్యాచ్‌లు ఆడేవాళ్ళు ఎక్కడో ఒకరు. మిగతావాళ్ళకి మోకాలో, భుజమో, తలో. తల గురించి ఒక్క మాట, 2003లో వరల్డ్ కప్ గెలిచిన ఇంగ్లాండ్ ప్లేయర్ స్టీవ్ థాంప్సన్‌కి నలభై రెండేళ్ళకే డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు అని తేలింది, ఆ కప్ గెలిచిన సంగతే గుర్తులేదని ఆయనే 2020లో బయటికి చెప్పాడు. ఇప్పుడు తలకి దెబ్బ అనుమానం వస్తే పక్కకి తీసుకెళ్ళి 12 నిమిషాల టెస్ట్, 2024 నుంచి పెద్ద మ్యాచ్‌లలో పళ్ళ మధ్య పెట్టుకునే మౌత్‌గార్డ్‌లోనే సెన్సార్, గట్టి దెబ్బ తగిలితే గ్రౌండ్ పక్కన ఉన్న డాక్టర్‌కి అలర్ట్ వెళ్తుంది. దీనికి విడిగా ఒక వీడియో కావాలి, చేస్తా.

మరి మన ఇండియా ప్లేయర్ సంగతి? ఇక్కడ పదిహేను మంది ఆటకి ఫుల్ టైం ప్రొఫెషనల్ లీగే లేదు. కాబట్టి హైదరాబాద్ హీరోస్ జెర్సీ చూసి "కోట్లు కొట్టేశాడు రా" అనకండి, వీలైతే వచ్చే సీజన్ టికెట్ కొనండి. ఉంటా మరి, ఎడిటర్ చేయి ఊపుతున్నాడు.