డబుల్స్ రెండు, కారం కొంచెం

శ్రోతలకు నమస్కారం.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్ పేరు వినగానే మనలో చాలామందికి క్రికెట్టే గుర్తొస్తుంది. 1971లో సునీల్ గవాస్కర్ తన మొదటి టెస్టు ఆడింది అక్కడి క్వీన్స్ పార్క్ ఓవల్‌లోనే. వెస్టిండీస్ మీద మన జట్టు తొలిసారి గెలిచింది కూడా ఆ మ్యాచ్‌లోనే. ఇవాళ మాత్రం నేను మైదానంలోకి వెళ్ళను. ఆ ఊరున్న కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో జనం బయట ఏం తింటారో చెప్పాలని వచ్చాను.

అక్కడ బయట తినడమంటే ముందు నిలబడి తినడమే. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని అరియపీట అవెన్యూ అనే వీధిలో ఏసీ రెస్టారెంట్లు చాలానే ఉన్నాయి, కాదనను. కానీ ఆ దీవి రుచి తెలియాలంటే పొద్దున్నే ఒక బండి దగ్గరికి వెళ్ళాలి. ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు, బడిపిల్లలు, రాత్రంతా పార్టీ చేసుకుని ఇంటికి పోతున్నవాళ్ళు అందరూ అక్కడే కనిపిస్తారు. అమ్మే మనిషి కాగితం మీద మెత్తటి పూరీల్లాంటివి రెండు పరిచి, పైన గరిటెడు శనగల కూర వేస్తాడు. ఆపైన చింతపండు చట్నీ, కీరదోస తురుము, షాడో బెనీ పచ్చడి. షాడో బెనీ అంటే రంపపు అంచులున్న పొడుగాటి ఆకు. కొత్తిమీర వాసనే, కాకపోతే నాలుగింతలు ఘాటు. ఇదంతా కలిపితే డబుల్స్.

ఆ పూరీని వాళ్ళు బారా అంటారు. భోజ్‌పురిలో బారా అంటే మన వడే. సముద్రం దాటాక అందులో పప్పు తగ్గి మైదా పెరిగింది, పసుపూ జీలకర్రా మాత్రం నిలిచాయి. ప్రిన్సెస్ టౌన్‌లో డీన్ అనే కుటుంబం 1936లో ఈ అమ్మకం మొదలుపెట్టిందని చెబుతారు. మొదట్లో ఒక్క బారాలోనే శనగలు పెట్టి ఇచ్చేవారట. తినేవాళ్ళు ‘ఇంకోటి వెయ్యి, డబుల్ చెయ్యి’ అని అడగడంతో ఆ మాటే పేరైపోయిందట.

కారం సంగతి ఇక్కడే చెప్పాలి. డబుల్స్ అడిగేటప్పుడు ‘స్లైట్’ అని చెబితే ఒక్క చుక్క కారం వేస్తారు. గుంటూరు వాళ్ళం, మాకు కారం ఒక లెక్కా అని మీసం తిప్పకండి. ఆ దీవిలో మొరూగా అనే ఊరి పేరుతో పిలిచే తేలు మిరప ఒకటుంది. ప్రపంచంలో అన్నిటికన్నా ఘాటైన మిరప అదేనని 2012లో అమెరికాలోని న్యూ మెక్సికో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు తేల్చారు. కొన్ని కాయల ఘాటు 20 లక్షల స్కోవిల్ యూనిట్లు దాటింది. మొదటిసారికి ‘స్లైట్’ చాలు.

ఈ భోజ్‌పురి తిండి అంత దూరం ఎలా చేరింది? బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1845 మే 30న ఫతెల్ రజాక్ అనే ఓడ మనవాళ్ళతో అక్కడికి చేరింది. 1917 దాకా అలా వెళ్ళినవాళ్ళు లక్షా నలభై వేలకు పైనే. ఎక్కువమంది బీహార్, ఉత్తరప్రదేశ్ ప్రాంతాల నుంచి కలకత్తా రేవులో ఓడెక్కినవాళ్ళు. మద్రాసు రేవు నుంచి కూడా కొందరు వెళ్ళారు, వాళ్ళలో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. కానీ సంఖ్యలో తక్కువ కాబట్టి వంటింటి భాష భోజ్‌పురి అయిపోయింది. జీలకర్ర అక్కడ ‘గీరా’, వంకాయ కాల్చి చేసిన పచ్చడి ‘బైగన్ చోకా’, పప్పుకు తాలింపు పెట్టడం ‘చుంకే’. ఇడ్లీ, దోశ ఆ వీధి తిండిలోకి రాలేదు. అది తలుచుకుంటే నాకు కొంచెం బాధే.

మధ్యాహ్నం రోటీ షాపు. ధల్‌పురి రోటీ చూస్తే మనకు బొబ్బట్టు గుర్తురాక మానదు. బఠాణీ పప్పు ఉడికించి పొడిపొడిగా రుబ్బి లోపల పెడతారు. బెల్లం ఉండదు, జీలకర్ర ఉంటుంది. అందులో మేక కూరో, కోడి కూరో, బంగాళాదుంప శనగల కూరో పెట్టి మడిచి ఇస్తారు. రెండోది పరాఠా. పెనం మీదే చెక్క గరిటెలతో కొట్టి చీలికలు పేలికలు చేస్తారు. చిరిగిన చొక్కాలా ఉందని దాని పేరే ‘బస్ అప్ షట్’! చినిగిపోయిన షర్ట్ అని వాళ్ళ యాసలో. ఇంత నిజాయితీగల పేరు ఇంకే వంటకానికీ నేను వినలేదు.

మనవాళ్ళే కాదు. చైనావాళ్ళు 1806లోనే వచ్చారు, ఇప్పుడు ఏ ఊళ్ళో చూసినా చైనీస్ వేపుడు కోడి, పక్కన స్థానిక మిరప సాసు. సిరియా, లెబనాన్ నుంచి వచ్చినవాళ్ళ వల్ల రాత్రిళ్ళు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని సెయింట్ జేమ్స్ పేటలో గైరోలు, అంటే రొట్టెలో మాంసం చుట్టి ఇచ్చేవి, దొరుకుతాయి. మరాకస్ సముద్రతీరంలో ‘బేక్ అండ్ షార్క్’ ప్రసిద్ధి. బేక్ అని పేరే గానీ అది నూనెలో వేయించిన రొట్టె, మధ్యలో సొరచేప వేపుడు. సొరచేపలు తగ్గిపోతున్నాయని పర్యావరణం పట్టించుకునేవాళ్ళు మొత్తుకుంటున్నారు. వేరే చేప పెట్టమని అడగండి, రుచికేం లోటుండదు.

ఆదివారం మాత్రం ‘కలలూ’ అనే ఆకుకూర వంటకం ఉండాలి. చేమాకులు, బెండకాయలు కొబ్బరిపాలలో ఉడికించి మెత్తగా చిలికేస్తారు. తరచు పీత కూడా వేస్తారు. ఇది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల వంట. అదే చేమాకును భారతీయ సంతతివాళ్ళు శనగపిండి ముద్దతో చుట్టి వేయించి ‘సహీనా’ అంటారు. అవి తినాలంటే దక్షిణాన డెబే ఊరికి వెళ్ళాలి. రోడ్డు పొడుగునా దుకాణాలు, గాజు పెట్టెల్లో సహీనా, కచోరీ, బజ్జీల్లాంటి ఫులోరీ, జిలేబీ. వేడిగా కావాలంటే కాసేపు ఆగాలి. ఈలోగా పక్కన నిలబడ్డవాళ్ళు ఏ ఊరని పలకరిస్తారు. ఇండియా అని చెప్పండి, ఆ తర్వాత ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి.