22 అక్టోబరు 1997 నాటి పేపరు ఎవరి దగ్గరైనా ఉందా?

(గ్రంథాలయ వారోత్సవాల ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, గ్రంథపాలకురాలికి, రేపు పరీక్ష పెట్టుకుని కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్న డిగ్రీ పిల్లలకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. నవంబరులో కప్పారు కాబట్టి పనికొస్తుంది కూడా. నా గురించి ఇంతకుముందు మాట్లాడినవారు చెప్పినదాంట్లో సగం నిజం కాదు. ఏ సగమో నేను చెప్పను. ఒక్కటి మాత్రం సరిదిద్దాలి. నేను ఎడిటర్ని కాను. 28 ఏళ్ళు డెస్కులో పనిచేసిన సబ్ ఎడిటర్ని. వార్త తెచ్చేది ఒకరు, పేరొచ్చేది ఇంకొకరికి, హెడ్డింగు పెట్టి తిట్లు తినేది మేము.

నాకిచ్చిన అంశం ‘సంకీర్ణ రాజకీయాలు: నిన్న, నేడు, రేపు’. రేపటి సంగతి నాకు తెలియదు. నేటి సంగతి ఎత్తితే ఈ హాలు రెండుగా చీలి, మధ్యలో నేను మిగులుతాను. కాబట్టి నిన్నటి దగ్గరే ఉంటాను. అందులోనూ ఒక్క కూటమి గురించే. అటు కాంగ్రెస్ కాదు, ఇటు బీజేపీ కాదు, మధ్యలో మేమున్నాం అన్నవాళ్ళ కథ. మొదట నేషనల్ ఫ్రంట్ అన్నారు, తర్వాత యునైటెడ్ ఫ్రంట్ అన్నారు. జనం మాత్రం మూడో కూటమి అన్నారు.

దీని పుట్టుక మనకు దగ్గరలోనే. 1983 మే 28, విజయవాడ. రామారావుగారు ముఖ్యమంత్రి అయి ఐదు నెలలు కూడా కాలేదు. మహానాడుకు దేశంలోని ప్రతిపక్ష నాయకులందరినీ పిలిచారు. ఎంజీఆర్ వచ్చారు, ఫరూక్ అబ్దుల్లా వచ్చారు, జగ్జీవన్ రామ్ వచ్చారు. నేను అప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఎవరెవరో తెలియదు, ఎంజీఆర్ టోపీ కనిపిస్తే చాలని రోడ్డు పక్కన నిలబడ్డాను. టోపీ కనిపించింది. అంతే నా చారిత్రక అనుభవం.

మే 28 రామారావుగారి పుట్టినరోజని మీకందరికీ తెలుసు. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఏడాది తిరిగేసరికి ఏమైంది? 1984 జులై 2న కాశ్మీర్లో గవర్నరు జగ్‌మోహన్ ఫరూక్ ప్రభుత్వాన్ని తీసేశారు. అంటే విజయవాడకు భోజనానికొచ్చిన అతిథి పని అయిపోయింది. తర్వాత ఆతిథ్యమిచ్చినాయన వంతు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషిని ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ పదవి నుంచి తప్పించి, నాదెండ్ల భాస్కరరావుగారిచేత ప్రమాణం చేయించారు.

ఆ నెల గుర్తున్నవాళ్ళు చేతులెత్తండి. ఆ వెనక... ఐదుగురు, ఆరుగురు... అమ్మా, మీరు కూడానా? సరే. మీకు నేను చెప్పనక్కర్లేదు. బస్సులు ఆగిపోయాయి, కాలేజీలు మూతపడ్డాయి. ఎమ్మెల్యేలను స్టూడియోలో దాచారు, రైలెక్కించి ఢిల్లీ తీసుకెళ్ళి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. చక్రాల కుర్చీలో రామారావుగారి ఫొటో చూసి మా నాయనమ్మ, ఆవిడ జన్మలో ఆయనకు ఓటెయ్యలేదు, కళ్ళు తుడుచుకుంది. ముప్పై రోజులు. సెప్టెంబరు 16న మళ్ళీ ఆయనే ముఖ్యమంత్రి. పిల్లల్లారా, ఒక గవర్నరు చేసిన పనిని జనం రోడ్డెక్కి నెల రోజుల్లో తిరగదిప్పడం ఈ దేశంలో ఎన్నిసార్లు జరిగిందో మీరే వెతికి చూడండి.

ఒక వివరం. రాంలాల్ చేసింది 356 కాదు. రాజ్యాంగంలో 356వ అధికరణం అంటే రాష్ట్రపతి పాలన. ఇది గవర్నరు నేరుగా ముఖ్యమంత్రిని తీసేయడం. కర్ర వేరైనా పట్టుకున్న చెయ్యి ఢిల్లీదే అని జనం అనుకున్నారు. మూడో కూటమికి అసలు పునాది అదే. సిద్ధాంతం అనే మాట వాళ్ళకు కొంచెం పెద్దది. వాళ్ళని కలిపింది ఒకే భయం, ఒకే కోపం: ‘మేము ఓట్లతో తెచ్చుకున్న ప్రభుత్వాన్ని మీరు కాగితంతో తీసేయకండి.’

1988 సెప్టెంబరులో మద్రాసు మెరీనాలో నేషనల్ ఫ్రంట్ పెట్టారు. ఛైర్మన్ రామారావుగారు, కన్వీనర్ వీపీ సింగ్. వచ్చే ఏడాది ఎన్నికలు. తమాషా చూడండి. కాంగ్రెస్ ఓడిపోయింది, ఫ్రంట్ గద్దెనెక్కింది. ఛైర్మన్ గారు మాత్రం ఇంట్లో ఓడిపోయారు. 42 సీట్లలో తెలుగుదేశానికి వచ్చినవి 2. రామారావుగారు కల్వకుర్తిలో స్వయంగా ఓడారు. అటు డీఎంకేకి లోక్‌సభలో సున్న. బండి కట్టినవాళ్ళు రోడ్డు మీద, ఎక్కినవాళ్ళు ఢిల్లీలో. అక్కడా ఎవరు ప్రధాని అనే దగ్గర నాటకం. ముందు దేవీలాల్ పేరు చెప్పించారు. ఆయన లేచి నాకొద్దు, వీపీ సింగ్‌కివ్వండి అన్నారు. చంద్రశేఖర్‌కు కోపం వచ్చింది. అందరూ పల్లకీ ఎక్కేవారే అయితే మోసేవారెవరని మన పెద్దలు ఊరికే అన్నారా?

బీజేపీ, వామపక్షాల బయటి మద్దతు మీద నిలబడ్డ ఆ ప్రభుత్వం 11 నెలలు. మండల్, అద్వానీ రథయాత్ర, సమస్తిపూర్లో అరెస్టు, బీజేపీ మద్దతు తీసేయడం, నవంబరు 7న పడిపోవడం. ఇదంతా మీ పాఠ్యపుస్తకంలో ఉంది, దాటేస్తున్నాను. పుస్తకంలో ఒక్క లైనే ఉండే సంగతి చెబుతాను. కేంద్రం, రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకునే అంతర్ రాష్ట్ర మండలి రాజ్యాంగంలో 263వ అధికరణంగా 1950 నుంచీ ఉంది. నలభై ఏళ్ళు ఎవరూ దాన్ని ఏర్పాటు చెయ్యలేదు. వీపీ సింగ్ ప్రభుత్వం చేసింది. రాష్ట్రపతి ఉత్తర్వు తేదీ 1990 మే 28.

నవ్వుతున్నారు. నేను కల్పించలేదు, ఉత్తర్వు తీసి చూసుకోండి.

ప్రసార భారతి చట్టం కూడా ఆ ఏడాదిదే. దూరదర్శన్‌నూ రేడియోనూ సర్కారు చేతిలోంచి తీసే చట్టం. తెచ్చిన మంత్రి పి. ఉపేంద్ర, మనవాడు. చట్టమైతే అయింది గానీ ఏడేళ్ళు అల్మరాలో పడి ఉంది. 1997లో దాన్ని దుమ్ము దులిపి అమల్లో పెట్టిన మంత్రి ఎస్. జైపాల్ రెడ్డి, ఆయనా మనవాడే. ఒక తెలుగాయన రాసిపెట్టిన కాగితాన్ని ఇంకో తెలుగాయన ఏడేళ్ళకు తెరిచాడు. ఆ మధ్యలో ఎంతమంది ఆ అల్మరా తాళం జేబులో పెట్టుకుని తిరిగారో. మూడో కూటమి ఏం చేసింది అంటారు. ఇవి చేసింది. ఇవి కనిపించవు. వంతెన కడితే కనిపిస్తుంది.

ఇక రెండో అంకం. 1996 ఎన్నికలు. బీజేపీ 161, కాంగ్రెస్ 140, ఎవరికీ చాలదు. వాజ్‌పేయిగారు 13 రోజులు ప్రధాని. రాజీనామా ఎప్పుడు? మే 28. రామారావుగారు ఆ జనవరిలోనే పోయారు, చూడలేదు. 13 పార్టీల కూటమి ముందుకొచ్చింది. వీపీ సింగ్‌ని ప్రధాని కమ్మంటే దొరక్కుండా తప్పించుకున్నారు. జ్యోతి బసుని అడిగితే ఆయన పార్టీ వద్దంది. తర్వాత ఆయనే దాన్ని చారిత్రక తప్పిదం అన్నారు. చివరికి దేవెగౌడ. కన్వీనర్ చంద్రబాబు నాయుడుగారు. ఒక వైపు సీపీఐ ఇంద్రజిత్ గుప్తా హోం మంత్రి, ఇంకో వైపు ఆర్థిక శాఖలో చిదంబరం. ఒకే ఇంట్లో రెండు వంటలు, అయినా కొన్నాళ్ళు ఇల్లు నడిచింది.

కానీ అది నిలబడింది కాంగ్రెస్ బయటి మద్దతు మీద. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడం. 1997 మార్చి 30న కాంగ్రెస్ అధ్యక్షుడు సీతారాం కేసరిగారు తోక లాగేశారు. ఏప్రిల్ 11న దేవెగౌడ ఓడిపోయారు.

ఆ ఏప్రిల్లో మా ఢిల్లీ ఆఫీసులో మనిషి సెలవు పెడితే నన్ను పంపారు. జీవితంలో మొదటిసారీ, చివరిసారీ. మీటింగులన్నీ ఆంధ్రా భవన్లోనే. దేశానికి ప్రధానిని వెతుకుతున్నారు, మేము వరండాలో కాళ్ళు నొప్పులు పుట్టేలా నిలబడ్డాం. ఒకరు మూపనార్ అంటారు, ఒకరు ములాయం అంటారు, ములాయం అనగానే లాలూ వద్దంటారు. క్యాంటీన్లో పప్పు, గోంగూర, అన్నం తిని మళ్ళీ వచ్చి నిలబడేవాళ్ళం. ఉత్తరాది విలేకరులకు గోంగూర అలవాటు చేసింది యునైటెడ్ ఫ్రంటే అని నా అభిప్రాయం. ఆఖరికి గుజ్రాల్ పేరు తేలింది. ఆ సమయానికి ఆయన అక్కడే ఒక గదిలో కునుకు తీస్తున్నారనీ, తెలుగుదేశం ఎంపీ ఒకాయన వెళ్ళి లేపి, మీరే ప్రధాని అని చెప్పారనీ ఢిల్లీ అంతా చెప్పుకున్నారు. నేను గది బయట ఉన్నాను, లోపల లేను. ఆ వార్త నాకంటే ముందు టీ అమ్మే కుర్రాడికి తెలిసింది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. చూడండి సార్, పర్లేదు. నేను చెప్పడానికి వచ్చిన సంగతి ఇప్పుడే మొదలవుతోంది.

యునైటెడ్ ఫ్రంట్ ఎందుకు పోయింది అని ఎవరినడిగినా జైన్ కమిషన్ అంటారు. రాజీవ్ గాంధీ హత్య మీద మధ్యంతర నివేదిక బయటికొచ్చింది, అందులో డీఎంకేని తప్పుపట్టారు, డీఎంకే మంత్రుల్ని తీసెయ్యమని కాంగ్రెస్ అడిగింది, వీళ్ళు తియ్యలేదు, నవంబరు 28న మద్దతు పోయింది. నిజమే. ఆ విషయంలో వాళ్ళు నిలబడ్డారు కూడా. తోటివాణ్ణి అప్పగించి కుర్చీ నిలుపుకోలేదు. దానికి దండం పెడతాను. కానీ మరణ ధ్రువపత్రం మీద రాసే తేదీ వేరు, ప్రాణం పోయిన తేదీ వేరు. నా లెక్కలో ప్రాణం పోయింది అంతకు ఐదు వారాల ముందు.

1997 అక్టోబరు. ఉత్తరప్రదేశ్‌లో కల్యాణ్ సింగ్‌కు బీఎస్పీ మద్దతు తీసేసింది. 21న బలపరీక్ష. సభలో మైకులు విరిచి విసురుకున్నారు, తలలు పగిలాయి. కాంగ్రెస్ నుంచి చీలి వచ్చినవాళ్ళతో కల్యాణ్ సింగ్ నెగ్గారు. చీలికలతో నెగ్గడం ఏమంత గొప్ప అంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ నెగ్గారు. అయినా గవర్నరు రమేశ్ భండారీ రాష్ట్రపతి పాలన పెట్టమని రాశారు. గుజ్రాల్ మంత్రివర్గం సరే అని సిఫార్సు చేసింది. 356! 1984లో దేని మీద కోపంతో కలిశారో, ఆ కర్రే వీళ్ళ చేతికి వచ్చింది. వచ్చిన వెంటనే ఎత్తారు.

ఇంకో సంగతి వినండి. 1989లో కర్ణాటకలో బొమ్మై ప్రభుత్వాన్ని ఇలాగే తీసేశారు. నివేదిక పంపిన గవర్నరు పెండేకంటి వెంకటసుబ్బయ్య, మన తెలుగాయనే. బొమ్మై కోర్టుకెళ్ళారు. 1994లో తొమ్మిది మంది న్యాయమూర్తులు చెప్పారు: బలం ఉందో లేదో తేలాల్సింది గవర్నరు గదిలో కాదు, సభలో. ఆ తీర్పుకు పేరే బొమ్మై కేసు. ఆ బొమ్మైగారు గుజ్రాల్ మంత్రివర్గంలో మానవ వనరుల మంత్రి. ఆ మంత్రివర్గమే ఈ సిఫార్సు చేసింది!

ఆ రాత్రి డెస్కులో నా డ్యూటీ. ఏజెన్సీ కాపీ వచ్చింది. నేను మొదటి పేజీకి హెడ్డింగు రాశాను: ‘మళ్ళీ రాంలాల్!’ 28 ఏళ్ళలో నేను పెట్టిన హెడ్డింగులన్నిటిలోకీ మంచిది అదే. ఏం, నవ్వుతారేం? నిజంగానే అదే.

మా ఇన్‌చార్జి చూశారు. పత్రిక పేరూ ఆయన పేరూ ఎందుకు లెండి, ఆయనిప్పుడు లేరు. మంచి మనిషి, నాకు పని నేర్పినవాడు. 1984 ఆగస్టులో ఉద్యోగం కూడా లెక్కచెయ్యకుండా ఊరేగింపులో నడిచి, లాఠీ దెబ్బ మోకాలి మీద తిన్నవాడు. చలికాలం వస్తే కుంటేవారు. ఆయన నా హెడ్డింగు కొట్టేసి, ‘యూపీలో రాష్ట్రపతి పాలనకు సిఫార్సు’ అని రాసి, సింగిల్ కాలమ్‌లో అడుగుకు దింపారు. ఎందుకండీ అన్నాను. మోకాలు నిమురుకుంటూ చెప్పారు.

“అక్కడున్నది మనవాళ్ళే కదయ్యా.”

మర్నాడు రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ సిఫార్సును మళ్ళీ ఆలోచించమని తిప్పి పంపారు. మంత్రివర్గం వెనక్కి తగ్గింది. ఆ వార్త పెద్దగానే వేశాం. దానికీ హెడ్డింగు నేనే పెట్టాను, ఏం పెట్టానో గుర్తు లేదు.

తర్వాత ఎన్నికలొచ్చాయి. దేవెగౌడ, గుజ్రాల్‌ల పార్టీ జనతాదళ్‌కు దేశం మొత్తం మీద 6 సీట్లు మిగిలాయి. మనవైపు ఒక్కటి, మహబూబ్‌నగర్, జైపాల్ రెడ్డిగారిది. తెలుగుదేశానికి 12. ఆ 12 మందిలో స్పీకరైనాయన పోను 11 మంది 1998 మార్చిలో వాజ్‌పేయిగారి విశ్వాస తీర్మానానికి ఓటేశారు. 274, 261. ఆ తేడాలో 11 ఎంతో లెక్క వేసుకోండి. అప్పటికే మన బాలయోగిగారు స్పీకర్ కుర్చీలో ఉన్నారు. కన్వీనరే వెళ్ళిపోయాక కూటమికి తాళం ఎవరు వేస్తారు? ఎవరూ వెయ్యలేదు. తలుపు అలా తెరిచే ఉంది, ఇంట్లో మనుషులు లేరు. చంద్రబాబుగారు చేసింది తప్పా, ఒప్పా అని మీరు బయట నన్ను అడుగుతారు. నేను టీ తాగుతూ చెబుతాను, మైకులో చెప్పను.

అన్నట్టు ఆ ఓటింగు తేదీ కూడా 28. మార్చిలెండి.

చివరిగా ఒక విన్నపం. పొద్దున్నే వచ్చి ఇక్కడ పాత పేపర్ల బైండ్లు చూశాను. 1984 ఆగస్టు ఉంది. ఎంతమంది తిప్పారో, అంచులు నలిగి అప్పడంలా విరుగుతున్నాయి. 1997 రెండో సగం లేదు. చోటు చాలక ఎప్పుడో తీసేశారట. గ్రంథపాలకురాలిని నేను ఏమీ అనడం లేదు, ఆవిడ వచ్చింది నిరుడు. మీ ఇళ్ళల్లో చూడండి. అటక మీద, ట్రంకు పెట్టె అడుగున, వంటింట్లో డబ్బాల కింద పరిచిన కాగితాల్లో. 22 అక్టోబరు 1997, బుధవారం. మొదటి పేజీ, కుడివైపు, అడుగున, సింగిల్ కాలమ్. దొరికితే నాకొద్దు, ఇక్కడే ఇవ్వండి. బైండు ఖర్చు నేను పెట్టుకుంటాను. 1984 పక్కన పెట్టమనండి.

నా బస్సు ఎనిమిదిన్నరకి. నమస్కారం.