అప్పూఘర్ దాకా నడిచి చెప్పిన మాట

(విశాఖపట్నంలో, గోపాలపట్నం దగ్గర ఒక కాలనీ రామాలయంలో, కార్తీక మాసంలో ఒక శనివారం భజన అయ్యాక చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మైకు చేతికిచ్చే ముందు కమిటీవాళ్ళు నా చెవిలో ఒక మాట వేశారు. "సార్, కార్తీక మాసం కదా, భక్తి గురించి కాస్త ఎక్కువ చెప్పండి, అప్పుల గురించి కాస్త తగ్గించండి" అన్నారు. నేను ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో చేశానండీ. నాకు తెలిసింది అప్పులే. భక్తి సంగతి మన పంతులుగారు రోజూ చెబుతూనే ఉన్నారు. ఆయన పని ఆయనకి వదిలేసి, నా పని నేను చేస్తాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్న పనిచేసే మిల్లు మూతపడింది. ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, మర్నాటి నుంచి పని లేదని చెప్పాడు. అంతే. మా అమ్మ ఏమీ అడగలేదు. ఒక గుడ్డముక్క పసుపులో ముంచి, ఆరేసి, అందులో పదకొండు రూపాయలు పెట్టి సింహాద్రి అప్పన్నకి ముడుపు కట్టింది. దేవుడి గూట్లో పటం వెనక పెట్టింది. పసుపు ఎండిపోయి ఆ ముడి గవ్వలా గట్టిపడింది. దాన్ని గోటితో గీకి అమ్మ చేత తిట్లు తిన్నాను కాబట్టి నాకు బాగా గుర్తు.

మూడో నెలలో ఒక సాయంత్రం ఇంట్లో బియ్యమూ లేవు, కిరసనాయిలూ లేదు. కొట్లో ఖాతా అప్పటికే పేజీ నిండిపోయింది. అమ్మ దీపం ముందు కూర్చుని ఆ ముడిని పళ్ళతో విప్పింది. "సామీ, చేబదులు తీసుకుంటున్నాను. ఆయనకి పని దొరగ్గానే ఇచ్చేస్తాను" అని పైకే అంది. గోడమీది కాలెండర్లో ఆ రోజు గడిలో పెన్సిలుతో 11 అని వేసింది. పక్కనే కూర్చున్న మా నాయనమ్మ కళ్ళు పెద్దవి చేసింది గానీ నోరెత్తలేదు.

చేబదులు అనే మాట గమనించండి. అప్పుకి కాగితం ఉంటుంది, వడ్డీ ఉంటుంది, సాక్షి సంతకం ఉంటుంది. చేబదులుకి చెయ్యి ఉంటే చాలు. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి. దేవుడి దగ్గర కూడా చేబదులు అడగగలిగిన మనిషి మా అమ్మ. అదే చనువు ఆవిడకి పక్కింటి పిన్నిగారితోనూ ఉండేది. గ్లాసుడు పంచదార, డబ్బాడు బియ్యం అటూ ఇటూ తిరుగుతూ ఉండేవి. నాన్నకి మళ్ళీ పని దొరికేదాకా మేం తిన్న అన్నంలో సగం ఆ గ్లాసుల్లోంచి వచ్చిందే.

ఇప్పుడు కాస్త హార్బరు వైపు వెళ్దాం. పాతనగరంలో సముద్రపు కాలువ పక్కన మూడు కొండలున్నాయి. మీకందరికీ తెలుసు. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఇంకోటి రాస్ హిల్, దానిమీద మేరీమాత చర్చి. మత సామరస్యం గురించి మాట్లాడేటప్పుడల్లా ఈ మూడు కొండల ఫోటో పెడతారు. నాకు మాత్రం బ్యాంకు బుద్ధి పోదు కదా, ఆ కొండలు చూసినప్పుడల్లా అప్పే గుర్తొస్తుంది. మొదటి కొండమీద ఆయన స్వయంగా బాకీదారు. పెళ్ళి ఖర్చుకి కుబేరుడి దగ్గర అప్పు చేసి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడు కాబట్టే ఆయన్ని వడ్డీకాసులవాడు అంటున్నాం. చర్చిలో రోజూ చెప్పుకునే పరలోక ప్రార్థనలో మా ఋణములు క్షమించుము అని ఉంటుంది, మాకు బాకీపడ్డవాళ్ళని మేం క్షమించినట్టే అని షరతుతో సహా. ఇక ముస్లింలు ఏడాదిపాటు నిలవ ఉన్న సొమ్ములో నూటికి రెండున్నర చొప్పున తీసే జకాత్ ఉందే, అది ఎవరెవరికి చెందాలో ఎనిమిది రకాలవాళ్ళని చెప్పారు. అందులో అప్పుల్లో మునిగినవాళ్ళు ఒక రకం.

అంటే మూడు కొండలమీదా అప్పు అన్న మాట నోటితో అనడానికి ఎవరూ సిగ్గుపడలేదు. సిగ్గంతా కింద, మన కాలనీల్లోనే ఉంది.

సింహాచలంలో స్వామి ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు. అక్షయ తృతీయ ఒక్క రోజే నిజరూపం. మనం స్వామి కంటే రెండాకులు ఎక్కువే చదివాం, మనకి ఆ ఒక్క రోజు కూడా లేదు. కారు ఈఎంఐ మీద ఒక పూత, అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు మీద ఒక పూత, కుదువపెట్టిన గొలుసు స్థానంలో రోల్డ్ గోల్డ్ గొలుసు ఇంకో పూత. గృహప్రవేశానికి వెయ్యిన్నూటపదహార్లు చదివించి, ఇంటికొచ్చి ఆ నెల కరెంటు బిల్లు ఎలాగా అని టెన్షన్ పడతాం.

హుద్‌హుద్ తుపాను గుర్తుందా? 2014 అక్టోబర్ 12. ఎవరికి గుర్తుండదు! మా వీధిలో నాలుగు చెట్లు అడ్డంగా పడ్డాయి, కరెంటు లేదు, పాలు లేవు, ఫోన్లు లేవు. రెండో రోజుకే ఫ్రిజ్జుల్లో ఉన్న కూరగాయలన్నీ ఒకచోటికి తెచ్చి వీధిలోనే వండారు. ఎదురింటాయనతో అంతకుముందు పార్కింగ్ దగ్గర గొడవపడి మాట్లాడుకోవడం మానేసినవాణ్ణి, ఆయన దగ్గరికే వెళ్ళి కొవ్వొత్తి అడిగాను. సిగ్గేం వెయ్యలేదు. ఎందుకంటే ఆ రోజు అందరి రేకులూ ఎగిరిపోయాయి. అప్పు తుపాను అలా కాదు. ఊరంతా ఎండ కాస్తూ ఉంటే ఒక్క ఇంటిమీదే కురుస్తుంది. బయట నుంచి చూస్తే కప్పు కప్పులాగే ఉంటుంది.

జాలరిపేటలో పరిస్థితి వేరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరపడవలన్నీ హార్బరులో కట్టేసి ఉంటాయి. ఆ రెండు నెలలూ చేతిలో డబ్బు ఆడదని ఊరందరికీ తెలుసు. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో కూడా తెలుసు. వాళ్ళ కష్టం తక్కువని అనడం లేదు, షావుకారు వడ్డీలు వాళ్ళని ఎలా పీలుస్తాయో లెక్కలు నాకు తెలుసు. దాచుకునే కష్టం మాత్రం వాళ్ళకి లేదు. అది నెలజీతగాళ్ళ సొంతం.

నా సంగతే చెప్తాను. 1998లో నాతో పనిచేసే ఒకాయన సొసైటీ లోనుకి నేను షూరిటీ సంతకం పెట్టాను. ఆయన ఉద్యోగం వదిలి, ఊరు వదిలి వెళ్ళిపోయాడు. నా జీతంలో కోత మొదలైంది. ఆ కోత ఇంట్లో కనబడకుండా ఉండడానికి మూడు రూపాయల వడ్డీకి నలభై వేలు తెచ్చాను. అంటే నెలకి పన్నెండు వందలు వడ్డీకే పోయేది. కౌంటర్ వెనక కూర్చుని ఊళ్ళోవాళ్ళకి అప్పు ఎలా తీర్చాలో సలహా చెప్పేవాణ్ణి, మా ఆవిడకి ఎనిమిది నెలలు చెప్పలేదు. రాత్రిళ్ళు డాబా మీద పచార్లు. గ్యాస్ట్రిక్ అని చెప్పేవాణ్ణి.

మరుసటి ఆషాఢంలో సింహాచలం కొండ చుట్టూ నడిచే గిరి ప్రదక్షిణకి వెళ్ళాను. కొండకింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం, 32 కిలోమీటర్లు. మా భజన బృందంలో స్టీల్ ప్లాంటులో పనిచేసే ఒక పెద్దాయన నా పక్కన నడుస్తున్నాడు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక దాటాం. దారిపొడవునా జనం మజ్జిగ ఇస్తున్నారు, పులిహోర పొట్లాలు ఇస్తున్నారు, ఎవరో పిల్లాడు వంగి నా కాళ్ళకి బామ్ కూడా రాశాడు. వాడెవడో నాకు తెలీదు, నేనెవరో వాడికి తెలీదు. అక్కడేదో కదిలింది. అప్పూఘర్ దగ్గర సముద్రస్నానం చేసి తడిబట్టలతో ఇసకలో కూర్చున్నాం. "ఏటి బాబూ, ఎనిమిది నెలలనుంచీ చూస్తన్నాను, మనిషివి ఇక్కడ లేవు" అన్నాడాయన. అప్పుడు చెప్పాను. అప్పు సంగతి అప్పూఘర్‌లోనే బయటపడింది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

ఆయన సలహాలేం ఇవ్వలేదు. "ముందు మా చెల్లెమ్మకి చెప్పు. శనివారం నేను పుస్తకం పట్టుకొస్తాను" అన్నాడు. మిగతా దూరమంతా ఇంకేం మాట్లాడలేదు.

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు ఒక్క ముక్క అంది. "అప్పూఘర్ దాకా నడిచి చెప్పగలిగారు గానీ, వంటింటి దాకా రాలేకపోయారా?" ఇప్పటికీ దానికి నా దగ్గర జవాబు లేదు. ఇదిగో, ఆవిడ మూడో వరుసలో కూర్చుని నవ్వుతోంది.

శనివారం ఆయన వచ్చాడు. పిల్లల రూళ్ళ నోటు పుస్తకం. నాలుగు గళ్ళు గీశాడు. ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, తొందర ఎంత. ఆ నాలుగో గడి నేను ఏ బ్యాంకు ఫారంలోనూ చూడలేదు. మూడు రూపాయల వడ్డీ అప్పు ముందు తీర్చెయ్యాలని తేలింది. వారం తిరక్కుండా ఎనిమిది మంది కలిసి ఆ నలభై వేలూ చేబదులు ఇచ్చారు. ఆరుగురు ఐదేసి వేలు, ఆయన తొమ్మిదిన్నర వేలు, గుడిముందు పువ్వులమ్మే ఆవిడ ఐదొందలు. ఆవిడ దగ్గర వద్దన్నాను. "నా పేరు కూడా రాయండి బాబూ" అని పట్టుబట్టింది. నెలకి రెండు వేలు చొప్పున ఇరవై నెలల్లో తీర్చాను. మొదటి నెల మొదటి ఐదొందలు ఆవిడకే ఇచ్చాను. తొందర గడిలో ఆవిడకి ఒకటో నంబరు వేసింది ఆ పెద్దాయనే.

దానంగా ఇచ్చి ఉంటే నేను తీసుకునేవాణ్ణి కాదు. పుస్తకంలో రాశారు కాబట్టి తీసుకున్నాను. పెళ్ళిళ్ళలో చదివింపులు రాసుకుంటామే, అదీ ఇలాంటిదే. ఇవాళ నాకు వచ్చింది, రేపు నేను వాళ్ళింటికి తీసుకెళ్తాను. పేరు రాసి ఉంటుంది కాబట్టి ఎవరూ ఎవరికీ తలవంచక్కర్లేదు. అదే, మన గుడిలో ఫ్యాన్లు చూడండి. ఒక్కో రెక్కమీద ఒక్కొక్కరి పేరు. ఫ్యాను తిరిగితే ఎలాగూ కనబడవు, అది వేరే విషయం. పొరుగువాడికి చేసిన సాయం మాత్రం రెక్కమీద రాసేది కాదు.

నమ్మకానికి ఇంకో వైపు కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పవుతుంది. అప్పు చేసి మొక్కు తీర్చుకునేవాళ్ళని చూశాను. కుబేర యంత్రం ఇంట్లో పెడితే బాకీలు తీరతాయని వేలు తీసుకునేవాళ్ళని చూశాను. మాలలో ఉన్నాడు కదా, మన బృందమే కదా అని రిజిస్ట్రేషన్ లేని చీటీలో లక్షలు పోసి, ఆయన రాత్రికి రాత్రి తాళం వేసుకుని పోతే లబోదిబోమన్నవాళ్ళనీ చూశాను. 1982 నుంచీ చిట్‌ఫండ్ చట్టం ఉంది. చీటీ రిజిస్టర్ అయిందా అని అడగడం భక్తికి అపచారం కాదు. స్వామి ముందు కూర్చున్నప్పుడు కళ్ళు మూసుకోండి, సంతకం పెట్టేటప్పుడు వద్దు.

బ్యాంకువాడిగా రెండు ముక్కలు. వాయిదా తప్పితే మా మొహం చూడ్డానికి భయపడి తప్పించుకు తిరుగుతారు. అది తిరగేసి చెయ్యాలి. 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీల్లోకి పోతుంది. ఈలోగానే వెళ్ళి కూర్చుంటే గడువు పెంచడమో, వాయిదా తగ్గించడమో ఏదో ఒక దారి అడగొచ్చు. వసూలుకి వచ్చేవాళ్ళు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. మీ బావమరిదికి, మీ ఆఫీసువాళ్ళకి ఫోన్ చేసి పరువు తియ్యడం కూడా కుదరదు. లోన్ యాప్‌లవాళ్ళు ఫోటోలు మార్చి బెదిరిస్తే 1930కి చెయ్యండి, పోలీసు సైబర్ విభాగం నంబరు. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆడవాళ్ళకైతే ఆదాయంతో పని లేకుండా లాయరుని ఇస్తారు. అర్ధరాత్రి నిద్రపట్టక, చావే నయం అనిపించే ఆలోచన వస్తే 14416. టెలీ మానస్ అంటారు. ఎప్పుడు చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా అక్కర్లేదు. సిగ్గుపడకుండా ఈ నంబరు ఫోన్లో ఇప్పుడే వేసుకోండి. మీకు అవసరం రాకపోయినా మీ పక్కవాడికి రావచ్చు.

డ్వాక్రా చెల్లెళ్ళు చాలామంది కూర్చున్నారు. మీకు నేను చెప్పేదేం లేదు, పొదుపు మీరే నేర్పారు. ఒక్క మాటే అడుగుతాను. పదిమందిలో ఒకరు ఆ నెల కట్టలేకపోతే వాళ్ళ గుమ్మం ముందు నలుగురు కూర్చుని గట్టిగా మాట్లాడ్డం ఉందే, అది మానండి. ముందు ఒక్కరు వెళ్ళండి. లోపలికి వెళ్ళి, టీ అడిగి తాగి, ఏమైందమ్మా అని అడగండి.

కమిటీవాళ్ళ అనుమతితో ఇవాళ ఒక పని మొదలుపెడుతున్నాం. ప్రతి శనివారం భజన అయ్యాక గుడి వెనక గదిలో ఒక గంట నేను కూర్చుంటాను. ఆడవాళ్ళకి నాతో చెప్పడం ఇబ్బందైతే మా ఆవిడ ఉంటుంది. బ్యాంకు కాగితాలు అర్థం కాకపోయినా, ఎవరికి ముందు కట్టాలో తెలీకపోయినా, ఊరికే చెప్పుకుందామనిపించినా రండి. అక్కడ విన్నది ఆ గది దాటదు. డబ్బు పోగుచేసి పంచే ఏర్పాటు మాత్రం కాదిది, ముందే చెబుతున్నాను. చేబదులు ఇచ్చేవాళ్ళు ఇస్తారు, లేనివాళ్ళు కూర్చుని లెక్క వేసి పెడతారు. చర్చికి వెళ్ళేవాళ్ళు, మసీదుకి వెళ్ళేవాళ్ళు మన కాలనీలో ఉన్నారు, వాళ్ళకీ చెప్పండి. గుడి లోపలికి రావడం మొహమాటమైతే వెనక వీధిలోంచి ఇంకో తలుపు ఉంది.

ఆ పాత నోటు పుస్తకం ఇదిగో. అట్ట చిరిగిపోయింది. పెద్దాయన పోయి ఆరేళ్ళయింది. వాళ్ళబ్బాయి పోయిన వారం నాకు తెచ్చిచ్చాడు. నా తర్వాత ఇంకో పదకొండు పేర్లున్నాయి ఇందులో. ఆ పేజీలన్నీ పిన్ను కొట్టి మూసేశాను, ఎవరూ చూడకుండా. చివర్న ఖాళీ పేజీలు చాలా ఉన్నాయి. పై శనివారం పెన్ను నేనే తెస్తాను.