సకారం చెవిలో గుచ్చుకుంటుంటే

వ్యాఖ్యాత: నమస్కారం. ఈసారి ఎపిసోడ్‌ను సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో, మా బాబాయి వాళ్ల ముందు గదిలో రికార్డు చేస్తున్నాం. ఎదురుగా రెండు స్పీకర్లు, బల్ల మీద మూత విప్పిన పాత ఆంప్లిఫయర్. బాబాయ్, కొత్త స్పీకర్లు కొన్న చాలామంది ఒకే మాట అంటున్నారు. పాట స్పష్టంగానే ఉంటుంది, పావుగంటకే చెవులు అలిసిపోతాయి. ఎందుకంటారు?

బాబాయి: ముందు ఆ గుచ్చుకోవడం ఎక్కడుందో పట్టుకోవాలమ్మా. పాడేవాళ్లు ‘స’, ‘శ’ పలికినప్పుడు ఈల వేసినట్టు వినబడితే అది సుమారు 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య. వయొలిన్ తారస్థాయిలో రేకు మీద గీసినట్టుంటే ఇంకాస్త కింద, 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల. మన చెవి అక్కడే చాలా చురుకు. అందరూ ట్వీటర్‌ను, అంటే పై స్వరాలు పలికే చిన్న స్పీకర్‌ను, తిట్టి స్పీకర్లు అమ్మేస్తారు. నేను ముందు ఆంప్లిఫయర్ చూస్తాను.

వ్యాఖ్యాత: దాని పని శబ్దాన్ని పెంచడమే కదా?

బాబాయి: ఎదురుగా ఏ స్పీకర్ ఉందో దాన్ని బట్టి పెంచుతుంది. స్పీకర్ వెనక 8 ఓమ్స్ అని రాసి ఉంటుంది చూశావా, అది దాని ఇంపెడెన్స్, అంటే కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత. ఆ అంకె పేరుకే. ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 4కి పడిపోవచ్చు, మరోచోట 20 దాటవచ్చు. ఇప్పుడు అరచేతిలో పట్టే క్లాస్-డి ఆంప్లిఫయర్లు, అంటే కరెంటును చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిచేవి, వస్తున్నాయి. వాటి చివర కాయిల్, కెపాసిటర్ కలిసిన ఫిల్టర్ ఉంటుంది. చవక రకాల్లో ఫీడ్‌బ్యాక్‌ను, అంటే తప్పు దిద్దుకోవడానికి వెనక్కి తెచ్చుకునే సిగ్నల్‌ను, ఆ ఫిల్టర్‌కు ముందే తీసుకుంటారు కాబట్టి, ఫిల్టర్ ఎలా నడవాలో స్పీకరే నిర్ణయిస్తుంది. 4 ఓమ్స్‌కు లెక్కగట్టిన ఫిల్టర్‌కు, పై స్వరాల దగ్గర ఇంపెడెన్స్ బాగా ఎక్కువున్న స్పీకర్ తగిలిస్తే 10 కిలోహెర్ట్జ్ దాటాక శబ్దం ఉబ్బుతుంది. తాళాల మోత కరుకెక్కుతుంది. అదే పెట్టెకు 4 ఓమ్స్ స్పీకర్ పెట్టి చూడు, బుద్ధిగా ఉంటుంది.

వ్యాఖ్యాత: విడివిడిగా రెండూ మంచివే, జోడీ కుదరలేదన్నమాట. మరి ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులతో నడిచే వాల్వు ఆంప్లిఫయర్ మెత్తగా పలుకుతుందంటారు?

బాబాయి: కొన్ని స్పీకర్లతో నిజమే. వాల్వు ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ చాలాసార్లు 1 నుంచి 3 ఓమ్స్ దాకా ఉంటుంది. మామూలు ట్రాన్సిస్టర్ పెట్టెలో 0.1 ఓమ్ కూడా ఉండకపోవచ్చు. అందుకని వాల్వుతో స్పీకర్ ఇంపెడెన్స్ తగ్గినచోట శబ్దం తగ్గుతుంది, పెరిగినచోట పెరుగుతుంది. ట్వీటర్ దగ్గర ఇంపెడెన్స్ పైకి లేచే స్పీకర్ అయితే పదును ఇంకా ఎక్కువవుతుంది. అంత డబ్బు పోసి కొని, అయినా గుచ్చుకుంటోందని దిగులుపడినవాళ్లను చూశాను. కొనేముందు స్పీకర్ ఇంపెడెన్స్ గ్రాఫు ఒక్కసారి చూస్తే సరిపోయేది.

వ్యాఖ్యాత: వాట్ల సంగతి?

బాబాయి: నాకు ఎక్కువ బాధ కలిగేది అక్కడే. మా వీధిలో రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, వీణంటే ప్రాణం. 86 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న, అంటే గట్టిగా మోగాలంటే ఎక్కువ వాట్లు అడిగే స్పీకర్లకు ఎవరో 15 వాట్ల బోర్డు కట్టి ఇచ్చారు. మెల్లగా పెడితే హాయిగా ఉండేది. కాస్త పెంచితే మీటు గట్టిగా పడ్డప్పుడల్లా చుర్రుమనేది. ఆయన తన చెవులే పాడయ్యాయనుకుని వినడం మానేశారు. తరంగాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోపు తీసుకెళ్లి పెట్టాను. మీటు పడ్డ ప్రతిసారీ తరంగం కొప్పు కత్తితో కోసినట్టు చదునుగా కనిపించింది. లెక్క చూడు. 10 డెసిబెల్స్ పెరగాలంటే పది రెట్లు వాట్లు కావాలి. సగటున 1 వాటు వాడుతున్నప్పుడు మీటు 15 డెసిబెల్స్ పైకి లేస్తే ఆ క్షణానికి 30 వాట్లకు పైగా అవసరం. బోర్డు 15 దగ్గరే ఆగిపోతోంది. అలా కోసుకుపోయిన తరంగంలోంచి పుట్టే పై హార్మోనిక్స్, అంటే అసలు స్వరానికి రెట్లలో వచ్చే కొసరు స్వరాలు, నేరుగా ట్వీటర్‌కు వెళతాయి. నా దగ్గరున్న 60 వాట్ల పాత ఆంప్లిఫయర్ పెట్టాను. ఆ సాయంత్రం ఆయన కళ్లు మూసుకుని తానం మొత్తం విన్నారమ్మా.

వ్యాఖ్యాత: ఈ బల్ల మీదున్నది అదేనా?

బాబాయి: దాని తోడుది. దీనిది వేరే జబ్బు, శబ్దం తగ్గించినప్పుడే గరగరమంటుంది. బయాస్ కరెంటు, అంటే పాట లేనప్పుడూ ట్రాన్సిస్టర్లలో కొద్దిగా పారే కరెంటు, పడిపోతే తరంగం సున్నా దాటేచోట పై సగానికీ కింది సగానికీ అతుకు సరిగా కుదరదు. మెల్లగా వింటున్నప్పుడు ఆ అతుకే చెవికి తగులుతుంది. ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్‌కు తగిలించిన ఎమిటర్ రెసిస్టర్ మీద సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన మిల్లీవోల్టులు వచ్చేదాకా ఈ ప్రీసెట్‌ను, అంటే సర్దుబాటు చేసే ఈ చిన్న రెసిస్టర్‌ను, వెంట్రుకవాసి తిప్పాలి. పాత ప్రీసెట్ తుప్పుపట్టింది, కోఠి గుజరాతీ గల్లీ నుంచి కొత్తది తెచ్చాను.

వ్యాఖ్యాత: ఇవన్నీ చూశాక కూడా గుచ్చుకుంటుంటే?

బాబాయి: గది చూడాలి. ఇప్పటి ఫ్లాట్లన్నీ నున్నటి టైల్సు, ఖాళీ గోడలు. ఒక జంపఖానా పరిచి, మందపాటి తెర వేసి, స్పీకర్లను చెవులకేసి గురిపెట్టకుండా కాస్త పక్కకు తిప్పితే చాలా తేడా వస్తుంది. అప్పటికీ తగ్గకపోతే 8 ఓమ్స్ ట్వీటర్‌కు వరుసలో 1 ఓమ్ రెసిస్టర్ పెట్టు, సుమారు 1 డెసిబెల్ తగ్గుతుంది.

వ్యాఖ్యాత: ఈ రెండు ఆంప్లిఫయర్లనూ ఇప్పుడు పోల్చి విందామా?

బాబాయి: ముందు శబ్దం సమానం చేయాలి, లేకపోతే గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది. 50 హెర్ట్జ్ టోన్ పెట్టు, స్పీకర్ తీగల దగ్గర రెండింటికీ ఒకే వోల్టేజీ రావాలి. మామూలు మల్టీమీటర్ కూడా దాన్ని సరిగ్గా చూపిస్తుంది. ఆ మీటరు ఇటివ్వమ్మా.