గైడు నోరు మెదపకూడని గది

సభకు నమస్కారం.

పేరుపొందిన ఆరాధనా స్థలాల్లోని చిత్రాలనూ శిల్పాలనూ కట్టడాలనూ మనకోసమే ఒక గైడును మాట్లాడుకుని చూడటం గురించి ఈ సాయంత్రం నన్ను మాట్లాడమన్నారు. పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లి వచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు విశాఖపట్నంలో ప్రతి వీధిలోనూ ఉన్నారు. వారిలో రోము నగరం మీదుగా వచ్చినవారిని వాటికన్ ఎలా ఉందని అడిగితే, చాలామంది "జనం బాగా ఎక్కువండీ" అని ఊరుకుంటారు. మొదటిసారి వెళ్లివచ్చాక నేను చెప్పిందీ అదే. నేను కళాచరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. ముప్పై ఏళ్లకు పైగా సివిల్ ఇంజనీరుగా సున్నం, సిమెంటు, పరంజాల మధ్య గడిపినవాణ్ణి. కాబట్టి ఈ ప్రసంగంలో భక్తి కంటే, సౌందర్యం కంటే, గచ్చు సంగతులు ఎక్కువగా వినిపిస్తే మన్నించండి.

మొదటిసారి వెళ్లినప్పుడు మేము నలభై మందికి పైగా ఉన్నాము. ముందు ఒకాయన గొడుగు పైకెత్తి నడుస్తూ ఉంటే, చెవుల్లో అతని మాటలు గరగరలాడుతూ ఉంటే, ఆ గొడుగు కనబడకుండా పోతుందేమోనన్న భయంతోనే మ్యూజియం మొత్తం దాటిపోయాము. అక్కడ కప్పంతా బొమ్మలున్న పెద్ద ప్రార్థనాగది సిస్టీన్ ఛాపెల్‌లో పది నిమిషాలు తల పైకెత్తి నిలబడిన నాకు మెడనొప్పి తప్ప ఏదీ గుర్తులేదు. రెండోసారి మా అబ్బాయి మా నలుగురికీ కలిపి ఒక గైడును ఏర్పాటు చేశాడు. అంత డబ్బు దండగని విమానం ఎక్కేదాకా సణిగాను. ఆ సణుగుడు ఎక్కడ ఆగిందో చెప్పడమే ఈ ప్రసంగం.

ఆమె రోములో పుట్టి పెరిగిన మనిషి. మమ్మల్ని నేరుగా లోపలికి తీసుకుపోకుండా, పెద్ద కంచు పైన్ కాయ ఉన్న ఒక విశాలమైన పెరట్లో, సిస్టీన్ ఛాపెల్ బొమ్మలు ముద్రించిన ఒక పలక ముందు నిలబెట్టింది. అలా దాదాపు నలభై నిమిషాలు గడిచాయి. టికెట్ కొన్నది అసలు బొమ్మ చూడటానికా, బోర్డు మీద నకలు చూడటానికా అని నా లోపలి పెద్దమనిషి విసుక్కున్నాడు. అప్పుడు ఆమె కారణం చెప్పింది: సిస్టీన్ ఛాపెల్ లోపల గైడులు వివరించకూడదు. అక్కడ మౌనం నియమం. ఫొటో తీయడం నిషేధం. ఈ పెరట్లో ఇలాంటి పలకలు పెట్టింది అందుకే. చెప్పవలసినదంతా గుమ్మం ఇవతలే చెప్పి ముగించాలి.

ఆమె అక్కడ చెప్పినవాటిలో నా బుర్రకు బాగా ఎక్కినవి కొన్ని మీతో పంచుకుంటాను.

నాలుగో సిక్స్టస్ అనే పోప్ కట్టించిన ఆ గది పొడవు సుమారు 41 మీటర్లు, వెడల్పు సుమారు 13 మీటర్లు, ఎత్తు 20 మీటర్ల పైచిలుకు. ఆ కప్పును బొమ్మలతో నింపిన మైకెలాంజెలో చేయి పడకముందు దాని మీద నీలి ఆకాశం, బంగారు నక్షత్రాలు మాత్రమే ఉండేవి. 1508లో రెండో జూలియస్ పోప్ ఆ పని అప్పగించేసరికి మైకెలాంజెలోకు శిల్పిగా పేరుంది కానీ, ఇంత పెద్ద కుడ్యచిత్రం వేసిన అనుభవం లేదు. మొదటి చిక్కు బొమ్మది కాదు, పరంజాది. ప్రార్థనలు ఆగకూడదు కాబట్టి నేలను కట్టెలతో నింపడం కుదరదు. పరంజాను కప్పు నుంచి తాళ్లతో వేలాడదీద్దామని బ్రమంటే అనే వాస్తుశిల్పి సూచించాడట. అలా వేలాడదీస్తే తాళ్ల కోసం కప్పుకు పొడిచిన రంధ్రాలు చివరికి ఎవరు పూడుస్తారు, ఎలా పూడుస్తారు అని మైకెలాంజెలో ప్రశ్న. ఆఖరికి కిటికీల ఎత్తున గోడలకు ఆనించి, నేలను తాకని పరంజాను తానే రూపొందించుకున్నాడు. ఈ కథ విన్నప్పుడు నాకు సైటు మీద జరిగే వాదనలే గుర్తొచ్చాయి. అయిదు వందల ఏళ్లు గడిచినా, పరంజా వేసేవాడికీ తరవాత పూత పూసేవాడికీ మధ్య తగాదా మారలేదు. అన్నట్టు, ఆయన వెల్లకిలా పడుకుని బొమ్మలు వేశాడన్నది కట్టుకథ. నిలబడే, మెడ వెనక్కి విరిచి వేశాడు. ఆ అవస్థను తానే పద్యంగా రాసుకుని, పక్కన చిన్న బొమ్మ కూడా గీసుకున్నాడు. నా పది నిమిషాల మెడనొప్పి విలువ నాకు అప్పుడు తెలిసింది.

ఇక గచ్చు సంగతి. ఆ కప్పు మీదిది ఫ్రెస్కో, అంటే తడి ఆరని సున్నపు పూత మీద వేసే చిత్రం. తడిసున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. ఆ మారే సమయంలో నీళ్లలో కలిపిన రంగు పైన అద్దితే, రంగు రాయిలో భాగమైపోతుంది. జిగురుతో అంటించిన రంగులా పెచ్చులూడదు. అయితే పూత ఆరేలోపే పని పూర్తికావాలి. కాబట్టి ఒక రోజులో ఎంత మేర బొమ్మ వేయగలడో అంత మేరే పొద్దున పూత పూస్తారు. ఆ రోజు ముక్కను ఇటాలియన్ భాషలో జొర్నాత అంటారు, అంటే ఒక దినం పని. దగ్గరగా చూస్తే ఒక దినానికీ మరో దినానికీ మధ్య అతుకు కనబడుతుంది. మన మేస్త్రీలు సాయంత్రం పని ఆపినచోట గోడ మీద మిగిలే గీత ఎలా ఉంటుందో తెలిసినవారికి ఇది ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. పని మొదలైన కొత్తలో నోవహు కాలపు జలప్రళయం బొమ్మ వేస్తూ ఉండగా పూతకు బూజు పట్టిందట. పని మానేస్తానని మైకెలాంజెలో పోప్ దగ్గరికి వెళ్లాడని, సున్నంలో నీళ్లు ఎక్కువయ్యాయని ఒక అనుభవజ్ఞుడు చూసి సరిదిద్దాడని ఆనాటి జీవితచరిత్రలు చెబుతాయి.

అన్నిటికంటే నాకు నచ్చింది మరొకటి. కప్పు నడుమ ఉన్న తొమ్మిది ఘట్టాలు బైబిలు ఆదికాండంలోవి. కథ బలిపీఠం వైపు సృష్టితో మొదలై, ప్రధాన ద్వారం వైపు నోవహుతో ముగుస్తుంది. చిత్రకారుడు మాత్రం ద్వారం వైపు నుంచి, అంటే కథ చివర నుంచి వెనక్కి వేసుకుంటూ వచ్చాడు. మొదట వేసిన జలప్రళయంలో పదుల కొద్దీ మనుషులు చిన్న చిన్నగా కిక్కిరిసి ఉంటారు. పరంజా మీద నుంచి అడుగు దూరంలో చూసేవాడికి అది అద్భుతం. నేల మీద ఉన్నవాడికి చీమలబారు. పోనుపోను మనుషుల సంఖ్య తగ్గి, ఆకారాలు పెరుగుతాయి. చివరికి వెలుగునూ చీకటినీ వేరుచేసే ఘట్టంలో ఒక్క దేవుడి ఆకారమే ఉంటుంది. దాన్ని ఒక్క దినం పూతలోనే పూర్తిచేశాడు. నాలుగేళ్లలో ఒక మనిషి తన పని తాను చేస్తూ నేర్చుకున్న పాఠం మొత్తం ఆ కప్పు మీద ఒక చివర నుంచి మరో చివరకు పరుచుకుని ఉంది. ఈ ఒక్క మాట తెలిసి లోపలికి వెళ్లినవాడికి ఆ గదిలో వేరే వివరణ అవసరం లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే చాలు.

లోపల మా గైడు నిజంగానే నోరు మెదపలేదు. కాపలావాళ్లు మాత్రం "నిశ్శబ్దం, నిశ్శబ్దం" అని అరుస్తూనే ఉన్నారు. ఆ గదిలో వినిపించే పెద్ద చప్పుడు అదే. బలిపీఠం వెనక గోడ మీద, కప్పు ముగిసిన ఇరవై నాలుగేళ్లకు, 1536లో మొదలుపెట్టి 1541లో పూర్తిచేసిన అంతిమ తీర్పు చిత్రం ఉంది. అందులో ఒక సాధువు చేతిలో వేలాడుతున్న ఒలిచిన చర్మం మీది ముఖం చిత్రకారుడిదేనంటారని గైడు బయటే చెప్పింది కాబట్టి, అందరం ఒకేసారి దాన్ని వెతుక్కున్నాము. ఆమె మా వైపు చూసి చిన్నగా తల ఊపింది. ఆ గదిలో ఆమె చేసిన వివరణ అంతే.

సెయింట్ పీటర్స్ చర్చి గురించి క్లుప్తంగా చెబుతాను. 1506లో శంకుస్థాపన జరిగి 1626లో ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడం నూట ఇరవై ఏళ్లలో ఎందరో వాస్తుశిల్పుల చేతులు మారింది. దాని గురించి గంటసేపు చెప్పగల గైడులు ఉన్నారు. మా గైడు పది నిమిషాల్లో ముగించి బయటి ఆవరణలోకి తీసుకొచ్చింది. అక్కడ బెర్నిని అనే శిల్పి నిలిపిన 284 స్తంభాలు నాలుగు వరసలుగా అర్ధచంద్రాకారంలో ఉంటాయి. నేల మీద గుర్తుపెట్టిన ఒక రాతి బిళ్ల మీద నిలబెట్టి చూడమంది. నాలుగు వరసలూ ఒకే వరసగా కలిసిపోయాయి. ఒక్క అడుగు పక్కకు వేస్తే మళ్లీ విడిపోయాయి. ఎంత చెప్పాలో తెలిసిన గైడులు చాలామందే దొరుకుతారు. ఎక్కడ నిలబెట్టాలో తెలిసినవారు తక్కువ. గైడును మాట్లాడుకునేటప్పుడు "ఏమేమి చూపిస్తారు?" అని అందరమూ అడుగుతాము. "మూడు గంటల్లో ఏమేమి వదిలేస్తారు?" అని అడిగి చూడండి. అన్నీ చూపిస్తానన్నవాడికి ఒక నమస్కారం పెట్టి ఇంకొకరిని వెతుక్కోవచ్చు.

ఇంటికి తిరిగివచ్చాక నాకు సింహాచలం కొత్తగా కనిపించడం మొదలైంది. మైకెలాంజెలో పరంజా ఎక్కిన మరుసటి ఏడాది, 1509లో, విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కారు. ఆ కప్పు పూర్తయిన నాలుగేళ్లకు, 1516లో, కళింగ దండయాత్ర సందర్భంగా రాయలు మన కొండెక్కి అప్పన్నను దర్శించుకుని కానుకలు సమర్పించారు. ఆ సంగతి శాసనంగా అక్కడే రాతి మీద ఉంది. ప్రతి శనివారం ఆ గుడికి వెళ్లేవారిలో ఎందరు ఆ శాసనం ముందు ఆగారో నాకు అనుమానమే. నేను నలభై ఏళ్లలో ఒక్కసారీ ఆగలేదు.

ఇప్పుడున్న ప్రధాన ఆలయాన్ని 13వ శతాబ్దంలో తూర్పు గాంగ వంశపు మొదటి నరసింహదేవుడు కట్టించాడు. కోణార్కలో సూర్యదేవాలయం కట్టించినదీ ఆయనే. కోణార్క చూడటానికి పూరీ దాకా రైలెక్కి వెళ్లి గైడును పెట్టుకుంటాము. అదే రాజు మన ఊళ్లో కట్టించిన గుడిలో మాత్రం క్యూలో ముందున్నవారి వీపు చూసుకుంటూ వెళ్లి, కప్ప స్తంభాన్ని కౌగిలించుకుని, ప్రసాదం పట్టుకుని దిగి వస్తాము. ఒడిశా రీతీ ద్రావిడ రీతీ ఎక్కడ కలిశాయో, గుడి పడమటి ముఖంగా ఉన్న సంగతి గమనించామో లేదో, బయటి గోడల మీది వరాహ నరసింహ మూర్తుల చేతివేళ్లు ఎంత సున్నితంగా ఉన్నాయో చూడటానికి మనకు తీరిక దొరకదు. ఇక మూలమూర్తి విషయంలో మన సంప్రదాయం వాటికన్ కంటే ఒక అడుగు ముందుంది. ఏడాదికి ఒక్క రోజు, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూప దర్శనం ఇచ్చి, ఆ తరవాత నాలుగు విడతలుగా, విడతకు మూడు మణుగుల చందనం కింద స్వామి దాగి ఉంటాడు. అక్కడ ఏ గైడూ వేలు పెట్టి చూపించడానికి ఏమీ ఉండదు. తెలిసి వెళ్లినవాడికే ఆ చందనపు ముద్ద వెనక రూపం ఉంటుంది.

చెప్పేవారు లేకపోతే ఏం జరుగుతుందో తెలియడానికి అనకాపల్లి పక్కన శంకరం గ్రామం చాలు. అక్కడి బొజ్జన్నకొండ, లింగాలకొండల మీద రాతిని తొలిచి చేసిన బౌద్ధ స్తూపాలు, గుహలు ఉన్నాయి. 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రే అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వకాలు జరిపాడు. సంఘారామం, అంటే బౌద్ధ భిక్షువుల ఆశ్రమం, జనం నోట శంకరం అయింది, బుద్ధుడు బొజ్జన్న అయ్యాడు. అంతవరకు జనం నోట మాట అరిగి నున్నబడటమే, తప్పులేదు. కానీ కనుమ నాటి తీర్థంలో అక్కడి ఒక కట్టడాన్ని రాక్షసుడి పొట్టగా భావించి రాళ్లు విసిరే ఆచారం చాలాకాలం సాగింది. విసిరినవారిలో దుష్టులెవరూ లేరు. పండగపూట పిల్లలతో వచ్చిన మామూలు మనుషులే. అదేమిటో కొండ కింద వారికి ఎవరూ చెప్పలేదు, అంతే.

గత మాఘంలో మా మనవరాలిని సింహాచలం తీసుకువెళ్లాను. రోములో నేర్చుకున్న పద్ధతి ప్రకారం, కొండ కింద తొలిపావంచా దగ్గర అరగంట కూర్చోబెట్టి, నాకు తెలిసినదంతా చెప్పేశాను. పైకి వెళ్లాక మాట్లాడుకోకూడదని ఒప్పందం. దర్శనమయ్యాక మండపంలో ఒక స్తంభం దగ్గర ఆగి, పాత తెలుగు అక్షరాలను వేలితో గాలిలో రాసుకుంటూ కూడబలుక్కుంటోంది. "స్వస్తి" అన్న మాట దాకా పట్టుకుంది. వెనక వస్తున్న ఒక పెద్దావిడ "ఏముందమ్మా అక్కడ?" అని ఆగింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు ఆగారు. వరస నిలిచిపోవడంతో ముందుకు నడవమని కేక వినిపించింది. మేమంతా నడిచాము. ప్రసాదం కౌంటరు దగ్గర పులిహోర పొట్లం చేత పట్టుకుని ఆ పెద్దావిడ మళ్లీ మా పక్కకు వచ్చి, "ఇందాక ఆ రాతలేంటో చెప్పనే లేదు బాబూ" అంది. చెట్టు నీడ చూసుకుని కూర్చున్నాము, మనవరాలు చెప్పడం మొదలుపెట్టింది.